జీర్ణకోశంలో వచ్చే న్యూరో ఎండోక్రైన్ కణితులు – కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన విషయాలు

(రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయే జబ్బు పేరే నోరు తిరగనిది. న్యూరో ఎండోక్రైన్ కణితి. రిపోర్టులో ఈ మాట చూడగానే చాలామంది బంధువులు “న్యూరో అంటే నరాలు కదా, మెదడుకేమైనా వచ్చిందా డాక్టరు గారూ?” అని కంగారుగా అడుగుతారు. 2018 మార్చిలో సినీ నటుడు ఇర్ఫాన్ ఖాన్ తనకు ఈ రకం కణితి వచ్చిందని ప్రకటించినప్పుడు కూడా దేశమంతా ఇలాగే అనుకున్నారు. మన తెలుగువారు ఆయనను ‘సైనికుడు’ సినిమాలో చూశారు. న్యూరో అన్నంత మాత్రాన అది మెదడు జబ్బు కాదని ఆయనే ఆ ప్రకటనలో చెప్పవలసి వచ్చింది. చికిత్స తీసుకుంటూ 2020 ఏప్రిల్ 29న ఆయన కన్నుమూశారు. ఆయన మూలంగా ఈ జబ్బు పేరు మాత్రం ఇంటింటికీ తెలిసింది. పేరు తెలిస్తే సరిపోదు. జబ్బు సంగతి కూడా తెలియాలి.

ఏమిటీ కణితి?

మన జీర్ణకోశం పొడవునా, అంటే కడుపు నుంచి పురీషనాళం వరకు లోపలి పొరలో కొన్ని ప్రత్యేకమైన కణాలు చెదురుమదురుగా ఉంటాయి. క్లోమ గ్రంథిలో ఇవి చిన్న చిన్న గుంపులుగా ఉంటాయి. నరాల కణాల లక్షణాలు కొన్ని, హార్మోనులు తయారుచేసే గ్రంథుల లక్షణాలు కొన్ని వీటిలో కలిసి ఉంటాయి. అందుకే ఆ జంట పేరు. ఆకలి, అరుగుదల, ప్రేగుల కదలిక, రక్తంలో చక్కెర మొదలైనవాటిని అదుపులో ఉంచే రసాయనాలను ఇవి తయారుచేస్తాయి. శరీరంలోని సెరటోనిన్ అనే రసాయనంలో అధిక భాగం మెదడులో కాదు, ప్రేగులలోనే తయారవుతుంది.

ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే ఏర్పడేదే న్యూరో ఎండోక్రైన్ కణితి. కడుపు, ఆంత్రమూలం, చిన్న ప్రేగు, అపెండిక్స్, పెద్ద ప్రేగు, పురీషనాళం, క్లోమం – ఎక్కడైనా రావచ్చు.

1907లో జర్మనీకి చెందిన ఓబెర్న్‌డోర్ఫర్ అనే వైద్యుడు చిన్న ప్రేగులోని ఇటువంటి కణితులను పరిశీలించి ‘కార్సినాయిడ్’ అని పేరు పెట్టారు. క్యాన్సరు వంటిదే గాని క్యాన్సరు అంత ప్రమాదకరం కాదని ఆనాడు ఆయన అభిప్రాయం. 1929లో ఆయనే తన మాట సవరించుకుని, వీటిలో కొన్ని ఇతర భాగాలకు పాకగలవని రాశారు. కుటుంబ సభ్యులు మరువకూడని విషయం ఇదే. ఈ కణితులలో చాలావరకు నెమ్మదిగా పెరుగుతాయి. కాని నెమ్మదిగా పెరిగేదంతా హాని చేయనిది కాదు. అలాగే క్యాన్సరు అనే మాట వినబడినంతనే అంతా అయిపోయినట్లు కూడా కాదు. ఈ రెండు తప్పుల మధ్య సరైన దారి పట్టుకోవడానికే ఈ ప్రసంగం.

ఎందుకు ఆలస్యంగా తెలుస్తుంది?

వీటి లక్షణాలు మనం రోజూ వినే చిన్న జబ్బుల లాగానే ఉంటాయి. అందువల్ల కొందరికి అసలు జబ్బు తేలడానికి సంవత్సరాలు పడుతుంది.

చిన్న ప్రేగులో కణితి ఉన్నవారికి భోజనం చేశాక కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి వస్తుంది, పోతుంది. గ్యాస్ ట్రబుల్ అని మాత్రలు వాడతారు. ప్రేగు సన్నబడినట్లు స్కానులో కనిపిస్తే మన దేశంలో ముందుగా కడుపు టి.బి. అనుమానం వస్తుంది. అది సహజమే. కాని టి.బి. మందులు వాడుతున్నా గుణం కనిపించనప్పుడు మళ్లీ ఆలోచించాలి.

కణితి కాలేయానికి పాకినప్పుడు మరికొన్ని లక్షణాలు బయటపడతాయి. ప్రేగులలో పుట్టిన సెరటోనిన్ మొదలైన రసాయనాలను మామూలుగా కాలేయం విరిచివేస్తుంది. కాలేయంలోనే గడ్డలు ఏర్పడితే ఆ రసాయనాలు తిన్నగా రక్తంలో కలుస్తాయి. అప్పుడు ముఖం, మెడ, ఛాతీ ఒక్కసారిగా వేడెక్కి ఎర్రబడతాయి. చామనఛాయ వారిలో ఎర్రదనం స్పష్టంగా కనిపించకపోవచ్చు, ‘లోపల నుంచి ఆవిరి కొట్టినట్లుంది’ అని మాత్రమే చెబుతారు. దానితోపాటు నీళ్ల విరేచనాలు, పిల్లికూతలు, ఆయాసం ఉంటాయి. కొందరికి కాలక్రమేణా గుండె కుడివైపు కవాటాలు గట్టిపడి కాళ్లు వాస్తాయి. దీనినే కార్సినాయిడ్ సిండ్రోమ్ అంటారు. నడివయసు స్త్రీలలో ఇది ముట్లు ఆగిపోయే వయసు బాధలుగాను, మరికొందరిలో ఆస్తమాగాను పొరపాటు పడే అవకాశం ఉంది.

క్లోమంలో వచ్చే కణితులలో ఇన్సులినోమా అనేది ఒకటి. అది అవసరం లేకపోయినా ఇన్సులిన్ వదులుతూ ఉంటుంది. తెల్లవారుజామున, పరగడుపున, ఉపవాసం ఉన్న రోజున రోగికి చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, పొంతన లేని మాటలు మాట్లాడి, ఒక్కొక్కసారి ఫిట్స్ వచ్చి పడిపోతాడు. పంచదార నీళ్లు తాగగానే లేచి కూర్చుంటాడు. ఇటువంటి వారిని మూర్ఛ రోగులని, మానసిక రోగులని అనుకోవడం, గాలి సోకిందని, దయ్యం పట్టిందని భూతవైద్యుల దగ్గరకు తిప్పడం మన పల్లెల్లో జరుగుతూనే ఉంది. అటువంటి సమయంలో చేయవలసిన మొదటి పని రక్తంలో చక్కెర పరీక్ష. ఇన్సులినోమాలలో దాదాపు నూటికి తొంభై ఇతర భాగాలకు పాకనివే. చాలావరకు 2 సెంటీమీటర్ల లోపే ఉంటాయి. శస్త్రచికిత్సతో పూర్తిగా నయమయ్యే జబ్బుకు తాయెత్తులు కట్టించి సంవత్సరాలు పోగొట్టుకోవడం ఎంత విచారకరమో ఆలోచించండి.

క్లోమంలోను, ఆంత్రమూలంలోను వచ్చే మరొక రకం గాస్ట్రినోమా. 1955లో జోలింజర్, ఎలిసన్ అనే ఇద్దరు అమెరికా శస్త్రవైద్యులు దీని లక్షణాలను వివరించారు. కడుపులో ఆమ్లం విపరీతంగా ఊరి, పుండ్లు మానినట్లే మాని మళ్లీ మళ్లీ వస్తాయి. విరేచనాలు కూడా ఉంటాయి.

ఏ లక్షణమూ లేకుండా వేరే కారణంతో తీసిన స్కానులోనో, 24 గంటల కడుపు నొప్పి అని అపెండిక్స్ ఆపరేషను చేసి దానిని పరీక్షకు పంపినప్పుడో బయటపడేవి కూడా ఎన్నో ఉన్నాయి.

జబ్బును ఎలా నిర్ధారిస్తారు?

బంధువులు డాక్టరును మూడు ప్రశ్నలు అడగాలి. కణితి ఎక్కడ పుట్టింది? ఏ గ్రేడు? ఎంతవరకు పాకింది? ఈ మూడింటికి జవాబు దొరికితే చికిత్స దారి సగం తెలిసినట్లే. పరీక్షలన్నీ ఈ మూడు జవాబుల కోసమే.

రక్త, మూత్ర పరీక్షలు: సెరటోనిన్ విరిగినప్పుడు ఏర్పడే 5-హెచ్.ఐ.ఎ.ఎ. అనే పదార్థాన్ని 24 గంటల మూత్రంలో కొలుస్తారు. ఈ పరీక్షకు రెండు మూడు రోజుల ముందు నుంచి అరటిపండు, అనాసపండు, టమాటా, వంకాయ, అక్రోటు వంటివి మానాలి. లేకపోతే జబ్బు లేకపోయినా అంకె ఎక్కువ చూపిస్తుంది. క్రోమోగ్రానిన్-ఎ అనే రక్త పరీక్ష కూడా ఉంది. ఓమిప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవారిలోను, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలోను ఇది ఎక్కువగా వస్తుంది. కనుక ఆ మాత్రల సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. కాని మీ అంతట మీరు మాత్రలు ఆపవద్దు. గాస్ట్రినోమా ఉన్నవారిలో హఠాత్తుగా ఆపితే పుండు పగిలి ప్రాణం మీదికి వస్తుంది. ఈ పరీక్షలో అంకె ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు.

ఇన్సులినోమా అనుమానం ఉంటే ఆసుపత్రిలో చేర్చుకుని, డాక్టరు పర్యవేక్షణలో 72 గంటల వరకు ఆహారం ఇవ్వకుండా చక్కెర, ఇన్సులిన్ కొలుస్తారు. ఆ సమయంలో జాలిపడి చాటుగా బిస్కెట్లు పెట్టవద్దు. పరీక్ష మొత్తం వృథా అవుతుంది.

గొట్టం పరీక్షలు: నోటి ద్వారా చేసే ఎండోస్కోపీ, మలద్వారం ద్వారా చేసే కొలనోస్కోపీ మీకు తెలిసినవే. క్లోమంలోని చిన్న కణితులను చూడడానికి, వాటి నుంచి ముక్క తీయడానికి గొట్టం చివర అల్ట్రాసౌండ్ అమర్చిన ఎండోస్కోపీ ఉపయోగపడుతుంది.

స్కానులు: సి.టి., ఎం.ఆర్.ఐ. స్కానులతో కణితి పరిమాణం, కాలేయంలో గడ్డలు తెలుస్తాయి. వీటికి మించి ఈ జబ్బుకే ప్రత్యేకమైనది గాలియం-68 డోటాటేట్ పెట్ స్కాను. దీనిని వివరంగా చెబుతాను, ఎందుకంటే చికిత్సలో కూడా ఇదే సూత్రం వస్తుంది. ఈ కణితి కణాలలో చాలావాటి పైన సొమాటోస్టాటిన్ అనే హార్మోను వచ్చి అతుక్కునే స్థానాలు ఉంటాయి. వాటిని తాళం కప్పలు అనుకోండి. ఆ తాళానికి సరిపోయే తాళంచెవిని తయారుచేసి, దానికి కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం జతచేసి రక్తంలోకి పంపుతారు. అది కణితి ఎక్కడెక్కడ ఉందో అక్కడికి వెళ్లి అతుక్కుని స్కానులో వెలుగుతుంది. మామూలు క్యాన్సర్లకు చేసే ఎఫ్.డి.జి. పెట్ స్కాను నెమ్మదిగా పెరిగే ఈ కణితులను చూపించకపోవచ్చు. త్వరగా పెరిగే రకాలలో మాత్రం అదీ అవసరమవుతుంది. కనుక ‘పెట్ స్కాను ఒకటి తీయించాం కదా, మళ్లీ ఎందుకు?’ అనుకోవద్దు. రెండూ వేరు.

ముక్క పరీక్ష: నిర్ధారణకు ఇదే ఆధారం. కణితి ఈ జాతిదే అని తేల్చాక పాథాలజిస్టు కేఐ-67 అనే అంకె రాస్తారు. వంద కణితి కణాలలో ఎన్ని కణాలు పెరుగుదలలో ఉన్నాయో అది చెబుతుంది. 3 శాతం కంటే తక్కువైతే మొదటి గ్రేడు, 3 నుంచి 20 వరకు రెండవ గ్రేడు, 20 దాటితే మూడవ గ్రేడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 వర్గీకరణ ప్రకారం మూడవ గ్రేడు కణితి వేరు, కణాల రూపమే చెదిరిపోయిన న్యూరో ఎండోక్రైన్ కార్సినోమా వేరు. రెండవది చాలా త్వరగా పెరుగుతుంది. దాని చికిత్స కూడా వేరు. గ్రేడు వేరు, స్టేజి వేరు అని కూడా గుర్తుంచుకోండి. గ్రేడు కణితి వేగాన్ని చెబుతుంది. స్టేజి అది ఎంత దూరం పాకిందో చెబుతుంది.

చికిత్సా విధానాలు

శస్త్రచికిత్స: కణితి పాకకముందే దొరికితే పూర్తిగా తీసివేయడమే మేలు. అపెండిక్స్‌లో 1 సెంటీమీటరు కంటే చిన్న కణితికి సాధారణంగా అపెండిక్స్ తీసివేయడంతోనే సరిపోతుంది. 2 సెంటీమీటర్లు దాటితే పెద్ద ప్రేగు కుడిభాగం కూడా తీయవలసి వస్తుంది. మధ్య పరిమాణంలో ఉన్నప్పుడు రిపోర్టులోని ఇతర అంశాలు చూసి నిర్ణయిస్తారు. పురీషనాళంలోని చిన్న కణితులను, కడుపులో దీర్ఘకాలపు వాపుతోపాటు వచ్చే చిన్న కణితులను ఎండోస్కోపీ ద్వారానే తీయవచ్చు. చిన్న ప్రేగు కణితికి ఆ ప్రేగు భాగంతోపాటు పక్కనున్న గ్రంథులను కూడా తీస్తారు.

ఒక ముఖ్య హెచ్చరిక. కార్సినాయిడ్ సిండ్రోమ్ ఉన్నవారికి మత్తు ఇచ్చే సమయంలో, ఆపరేషను సమయంలో రసాయనాలు ఒక్కసారిగా విడుదలై బి.పి. ప్రమాదకరంగా మారవచ్చు. ఆక్ట్రియోటైడ్ మందు సిద్ధంగా ఉంచుకుంటే దీనిని అదుపు చేయవచ్చు. కనుక పన్ను పీకించుకోవడానికి వెళ్లినా సరే, ఈ జబ్బు ఉందని ముందే చెప్పండి.

నెలసరి ఇంజెక్షన్లు: ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ అనే మందులు ఇందాక చెప్పిన తాళం కప్పలకే అతుక్కుంటాయి. విరేచనాలు, ముఖం వేడెక్కడం తగ్గిస్తాయి. అంతేకాక కణితి పెరుగుదలను కూడా నిదానింపజేస్తాయని 2009లో, 2014లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. సాధారణంగా 28 రోజులకొకసారి ఇస్తారు. ఈ మందును ఫ్రిజ్‌లో ఉంచాలి, గడ్డకట్టనీయకూడదు. పట్టణంలో కొని ఊరికి తీసుకువెళ్లేటప్పుడు మందుల షాపువారిని అడిగి ఐసు డబ్బాలో పెట్టించుకోండి. ఈ మందులతో కొందరికి మలం జిడ్డుగా, తెల్లగా పోతుంది. పిత్తాశయంలో రాళ్లు రావచ్చు, చక్కెర హెచ్చుతగ్గులు కావచ్చు. ఇవన్నీ చెబితే సరిచేయడానికి మందులున్నాయి.

మాత్రలు, కీమోథెరపీ: ఎవరోలిమస్, క్లోమ కణితులలో సునిటినిబ్, కేపసిటబిన్–టెమొజోలొమైడ్ జంట మందులు వాడుతున్నారు. 2025లో కాబోజాంటినిబ్‌కు కూడా అమెరికాలో అనుమతి లభించింది. కార్సినోమా రకానికి ప్లాటినం జాతి మందుతో ఎటోపొసైడ్ కలిపి కీమోథెరపీ త్వరగా మొదలుపెడతారు. అక్కడ ఆలస్యం పనికిరాదు.

కాలేయంలోని గడ్డలకు: వీలైతే కోసి తీస్తారు. లేదా వేడితో మాడ్చివేస్తారు. లేదా వాటికి రక్తం తీసుకువెళ్లే నాళాన్ని సన్నని గొట్టం ద్వారా మూసివేస్తారు.

లుటీషియం చికిత్స: పెట్ స్కానులో వెలిగిన కణితులకు అదే తాళంచెవికి లుటీషియం-177 అనే మరింత శక్తిగల పదార్థాన్ని జతచేసి పంపుతారు. అది కణితికి అతుక్కుని లోపల నుంచి రేడియేషను ఇస్తుంది. సాధారణంగా 8 వారాల ఎడంతో 4 సార్లు ఇస్తారు. మూత్రపిండాలను కాపాడడానికి అమైనో ఆమ్లాల సెలైను కూడా ఎక్కిస్తారు. 2017లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో చిన్న ప్రేగు కణితి పాకినవారికి దీనివల్ల మంచి మేలు కనిపించింది. లుటీషియం మన దేశంలోనే, ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రంలో తయారవుతుంది. ముంబయిలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో, మనవారు ఎక్కువగా వెళ్లే వెల్లూరు సి.ఎం.సి.లో ఈ చికిత్స చేస్తున్నారు. చికిత్స తరువాత కొద్దిరోజులు గర్భిణులకు, చిన్నపిల్లలకు దూరంగా ఉండాలి. మరుగుదొడ్డి వాడిన తరువాత నీళ్లు బాగా పోయాలి.

ఏ చికిత్సా వెంటనే వద్దు, కొన్ని నెలలకొకసారి స్కాను చేసి చూద్దాం అని డాక్టరు చెప్పడం కూడా ఒక చికిత్సా విధానమే. దానిని ‘చేతులెత్తేశారు’ అని అర్థం చేసుకోవద్దు. అదే సమయంలో ‘బాగానే ఉన్నాడు కదా’ అని ఆ తేదీకి రాకుండా మానవద్దు.

బంధువులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: క్లోమం క్యాన్సరు అంటే ఎక్కువ కాలం బ్రతకరంటారు. నిజమేనా?

జవాబు: క్లోమంలో సాధారణంగా వచ్చే క్యాన్సరు వేరు, ఇది వేరు. ఆపిల్ కంపెనీ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్‌కు 2003లో క్లోమంలో ఈ కణితి కనిపించింది. 2004లో ఆపరేషను, 2009లో కాలేయ మార్పిడి జరిగాయి. 2011లో మరణించారు. ఆ మధ్యకాలంలో చాలావరకు ఆయన పనిచేస్తూనే ఉన్నారు. కాలం ఎంత అనేది ఆ మూడు ప్రశ్నల జవాబుల మీద ఆధారపడుతుంది. పక్క మంచం రోగిని చూసి మీ రోగి సంగతి అంచనా వేయవద్దు.

ప్రశ్న: ఇది అంటువ్యాధా? పిల్లలకు వస్తుందా?

జవాబు: అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. చాలావరకు వంశపారంపర్యం కూడా కాదు. క్లోమ కణితులలో కొన్ని మాత్రం మెన్-1 అనే జన్యులోపం వల్ల కుటుంబాలలో నడుస్తాయి. రోగికి గాని, రక్తసంబంధీకులకు గాని మూత్రపిండాలలో రాళ్లు, రక్తంలో కాల్షియం ఎక్కువ కావడం, పిట్యూటరీ గ్రంథి కణితి వంటివి ఉంటే డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: ఏమి తినిపించాలి?

జవాబు: ఒకేసారి కడుపునిండా కాక కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. ముఖం వేడెక్కే బాధ ఉన్నవారు మద్యం మానాలి. ఘాటైన కారం, నూనె వంటకాలు తగ్గించాలి. విరేచనాలు ఎక్కువైతే ఓ.ఆర్.ఎస్. నీరు, మజ్జిగ, గంజి ఇవ్వండి. సెరటోనిన్ ఎక్కువగా తయారయ్యేవారిలో నియాసిన్ అనే విటమిను లోపించవచ్చు. చర్మం నల్లబడి పొరలు లేస్తే చూపించండి. చక్కెర పడిపోయే రోగి స్పృహలో ఉంటేనే పంచదార నీళ్లు పట్టండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ప్రశ్న: రోగికి చెప్పాలా, దాచాలా?

జవాబు: ‘మా నాన్నకు మాత్రం చెప్పకండి డాక్టరు గారూ’ అని తలుపు దగ్గర నిలబడి అడుగుతారు. ఆ మాట ప్రేమతోనే అడుగుతారని మాకు తెలుసు. కాని ఈ జబ్బు సంవత్సరాల తరబడి చూసుకోవలసినది. నెలనెలా ఇంజెక్షను ఎందుకో తెలియని మనిషి ఒకరోజు ‘నాకు బాగానే ఉంది, ఎందుకీ ఖర్చు’ అని మానేస్తాడు. పైగా ఆయనకు ఇంట్లో వారి ముఖాలు చూస్తేనే సగం అర్థమవుతుంది, మిగతా సగం ఊహించుకుని ఒంటరిగా భయపడతాడు. ఆయన ఎంత తెలుసుకోవాలనుకుంటున్నాడో అడిగి, అంతవరకు మెల్లగా, నిజమే చెప్పండి. ఎలా చెప్పాలో తోచకపోతే మమ్మల్ని పిలవండి. మీ ఎదుటే చెబుతాం.

ప్రశ్న: ఖర్చు భరించగలమా?

జవాబు: పొలం అమ్మకముందు, వడ్డీకి తేకముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, సామాజిక సేవా విభాగాన్ని కలవండి. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో ఏ ఆపరేషను, ఏ మందు వస్తుందో, ఏది రాదో రాసి ఇవ్వమనండి. ఖర్చు సంగతి డాక్టరుతో దాచకుండా మాట్లాడండి. చెప్పకుండా చికిత్స మానడం కంటే, ముందే చెబితే వేరే దారి వెదకవచ్చు. ఆకు పసర్లు, పొడులు వాడుతుంటే అదీ చెప్పండి. ఎవరూ కోప్పడరు. కొన్ని పసర్లు కాలేయానికి హాని చేస్తాయి, మా మందులతో పొసగవు.

మీరు చేయవలసినవి

ఒక ఫైలు పెట్టి అన్ని రిపోర్టులు తేదీల వారీగా ఉంచండి. ముక్క పరీక్ష స్లైడులు, మైనపు దిమ్మలు అడిగి తీసుకుని భద్రపరచండి. వేరే ఆసుపత్రికి వెళ్లినప్పుడు మళ్లీ ముక్క తీయకుండా వాటినే తిరిగి చూడవచ్చు. ఒక నోటు పుస్తకంలో విరేచనాలు ఎన్నిసార్లు, వేడి ఆవిర్లు ఎప్పుడు, బరువెంత అని రాయండి. ఇంజెక్షను తేదీని క్యాలెండరులో గుర్తుపెట్టండి.

కడుపు ఉబ్బి వాంతులవుతూ గాలి, మలం పోకపోయినా, మలం నల్లగా తారులాగా పోయినా, విరేచనాలతో మూత్రం తగ్గినా, స్పృహ తప్పినా, ఆయాసంతో కాళ్లు వాచినా, కీమోథెరపీ సమయంలో జ్వరం వచ్చినా తెల్లవారేవరకు ఆగవద్దు. ఆ రాత్రే తీసుకురండి.

ప్రియమైన సోదరీ సోదరులారా, ఈ జబ్బుతో పోరాటం పరుగుపందెం కాదు, దూర ప్రయాణం. దారిలో డాక్టరు నెలకొకసారి కనిపిస్తాడు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులు పక్కన నడిచేది మీరే. కణితి ఎక్కడ పుట్టింది, ఏ గ్రేడు, ఎంతవరకు పాకింది – ఈ మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, తరువాతిసారి వచ్చేటప్పుడు జేబులో పెట్టుకుని రండి. జవాబులు మీకు అర్థమయ్యేవరకు చెప్పవలసిన బాధ్యత మాది.